సీరియల్ నంబరు తెలుసు, మనిషి పేరు తెలీదు (19వ భాగం)



పోయిన వారం ఒక యూనివర్సిటీ హాస్టల్ నుంచి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆగిపోయిన ఫెలోషిప్ డబ్బులు ఒకేసారి పడ్డాయి. రెజొనేటర్ గిటార్ కొందామనుకుంటున్నా. రూమ్మేట్లు ఎగతాళి చేస్తున్నారు, నల్లవాళ్ల కష్టాన్ని షోకు కోసం కొంటున్నావా అని. తప్పంటావా అన్నా?" ఫోన్లో తేలే సంగతి కాదు, రాస్తాలే అన్నాను. తమ్ముడూ, ఇదే జవాబు. కాస్త ఓపిగ్గా చదువు. ముందు నిన్నొక ఇంటికి తీసుకెళ్లాలి.

రెండేళ్ల కిందట ఏప్రిల్ 14 సభకి అమెరికా పిలిస్తే వెళ్లాను. ఒక రాత్రి బస ఒక తెలుగాయన ఇంట్లో. మంచి మనిషి, దగ్గరుండి వడ్డించాడు. మాదీ మీ పక్క మండలమేనండీ అన్నాడు. భోజనాలయ్యాక "మీరు ఉద్యమాల మనిషి కదా, మీకిది నచ్చుతుంది" అని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లాడు. గోడకి ఏడు గిటార్లు. అన్నీ రెజొనేటర్లే. ఒక్కోదాని మీద ఒక్కో లైటు, మన ఇళ్లల్లో దేవుడి పటానికి పెట్టినట్టు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మామూలు గిటార్లో మోగేది చెక్క. రెజొనేటర్లో మోగేది గరాటులా వంపు తిప్పిన పల్చటి అల్యూమినియం రేకు. దాన్ని కోన్ అంటారు. బ్రిడ్జి ఆ కోన్ మీద కూర్చుంటుంది. తీగ వణికితే కోన్ వణుకుతుంది, లౌడ్‌స్పీకర్లో లాగే, కాకపోతే కరెంటు అక్కర్లేదు. జనం అరుస్తున్నా, నేల అదిరేలా చిందేస్తున్నా గిటార్ వినపడుతుంది. 1920ల చివర లాస్ ఏంజెలెస్‌లో, స్లొవేకియా నుంచి వలస వచ్చిన జాన్ డోప్యేరా దీన్ని తయారుచేశాడు. నేషనల్ అనే కంపెనీ అమ్మింది. ఆయన తర్వాత విడిపోయి అన్నదమ్ములతో డోబ్రో పెట్టాడు. కంపెనీల కథ ఇంతకంటే మనకి అవసరం లేదు.

ఆయన ఒక గిటార్ కిందికి దించాడు. 1931 నాటి డ్యూఓలియన్. ఉక్కు శరీరం. తల మీద కొట్టిన సీరియల్ నంబరు కళ్లు మూసుకుని అప్పజెప్పాడు. చెయ్యి ఆనేచోట పెయింటు పోయి ఇనుము కనిపిస్తోంది. "మళ్లీ రంగేసింది తక్కువకే దొరికేదండీ. ఇది అసలు పెయింటు, అసలు అరుగుదల. మిసిసిపీ పత్తి చేలల్లో తిరిగిన గిటార్. అందుకే రెండు వేల డాలర్లు ఎక్కువ పెట్టా" అన్నాడు.

ఆ వరస చివర, ఎనిమిదో మేకుకి, ఒక డప్పు వేలాడుతోంది.

"ఇదెవరిదండీ?" అన్నాను.

"ఊరెళ్లినప్పుడు తెచ్చా. ఐదొందలిచ్చా. ఎవరో మా మాదిగాయనేనండీ."

పేరు తెలీదు. 1931లో ఏ నెలలో ఏ గిటార్ కంపెనీ గేటు దాటిందో తెలిసిన మనిషికి, తన ఊళ్లో, తన చేత్తో డబ్బులిచ్చి డప్పు తీసుకున్న మనిషి పేరు తెలీదు. పైగా "మా" మాదిగాయన. ఆ "మా" ఎక్కణ్ణుంచి వస్తుందో మనకి తెలుసు. మా నాయన ఆ మాట వింటూ డప్పు కొట్టినవాడే.

సరే, కోపం పక్కన పెట్టి గిటార్ దగ్గరికే వద్దాం. ఈ "పత్తి చేను" కథ ఎంత నిజమో చూద్దాం.

నేషనల్ గిటార్లు మొదట పత్తి చేల కోసం పుట్టలేదు. హవాయి సంగీతం కోసం పుట్టాయి. 1893లో అమెరికన్ తోటల యజమానులు, వ్యాపారులు కలిసి హవాయి రాణి లిలియువొకలానీని గద్దె దించారు. 1898లో దేశాన్నే అమెరికా కలిపేసుకుంది. ఇరవై ఏళ్లు తిరగకుండానే అమెరికా అంతా హవాయి పాటల పిచ్చి. నేల లాక్కున్నారు, పాటని సెలవుల సరదా చేసుకున్నారు. గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద ఉక్కు కడ్డీ జార్చే పద్ధతి హవాయి వాళ్లది. ఆ వాయిద్యం హాల్లో చివరి కుర్చీ దాకా వినపడాలని జార్జ్ బోషాం అనే ప్రదర్శనకారుడు అడిగితే డోప్యేరా చేసిన పని ఇది. ఆ గోడ మీద రెండో గిటార్, స్టైల్ ఓ, నికెల్ పూత వేసిన లోహం, దాని మీద చెక్కినట్టు కొబ్బరి చెట్లు. 1985లో డైర్ స్ట్రెయిట్స్ వాళ్ల 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' అట్ట మీద ఆకాశంలో తేలే గిటార్ ఈ రకమే. మిసిసిపీలో ఆ కొబ్బరి చెట్లకి ఏం పని?

నేషనల్ గిటార్లు కొన్నవాళ్లలో తెల్లవాళ్లు బోలెడు మంది. ఆ డ్యూఓలియన్ ఎవరి ఇంటి ముందు గదిలో, ఎవరి అమ్మాయి చేతిలో అరిగిందో ఎవడికి తెలుసు? సీరియల్ నంబరు ఏడాది చెబుతుంది, చేతులెవరివో చెప్పదు. రాబర్ట్ జాన్సన్ ఫొటోలు చూడండి, చేతిలో ఉన్నది చెక్క గిటారే. కానీ అమ్మేవాడు "డెల్టా" అన్నాడు, కొనేవాడు కళ్లు చెమర్చుకున్నాడు. నల్లవాళ్ల దుఃఖం అక్కడ ఉందో లేదో తెలియకుండానే దానికి రెండు వేల డాలర్లు ధర కట్టారు. అరుగుదలకి గిరాకీ ఎంత పెరిగిందంటే ఇప్పుడు కొత్త గిటార్ల పెయింటు ఫ్యాక్టరీలోనే గీకి, అరగదీసి, "రెలిక్" అని పేరు పెట్టి ఎక్కువకి అమ్ముతున్నారు. కష్టపడకుండా కష్టం మచ్చలు.

నిజంగా నల్లవాళ్ల చేతికి వచ్చిన గిటార్ల సంగతి చూద్దాం. డ్యూఓలియన్ ఆ కంపెనీ లోహపు గిటార్లలో చవక రకం, 1930లో 32 డాలర్ల 50 సెంట్లు. 1931 పంటకి పత్తి పౌను ఆరు సెంట్లు కూడా పలకలేదు. బేలు దాదాపు 500 పౌన్లు. అంటే బేలు మొత్తం అమ్మినా 30 డాలర్లు రావు. అందులో సగం భూస్వామిది. మిగతా సగంలోంచి విత్తనాల అప్పు, కొట్టు అప్పు పోవాలి, ఆ లెక్కల పుస్తకం కూడా భూస్వామి దగ్గరే. మన జీతగాళ్ల లెక్కలు ఎవరు రాసేవాళ్లో గుర్తు తెచ్చుకోండి. అలాంటి చోట బేలు కంటే ఖరీదైన గిటార్ కొన్నాడంటే అది సరదా కాదు. చేలోంచి బయటపడే దారి. శనివారం రాత్రి నాలుగు ఊళ్లు వినేలా వాయిస్తే సోమవారం పత్తి ఏరక్కర్లేదు. ఆ గొంతు పెద్దది కావడమే ఆ మనిషి పెట్టుబడి.

ఇక్కడ మనవాళ్లకి ఒక మాట. "వాళ్లకి గిటార్, మనకి డప్పు, రెండూ ఒకటే" అని సభల్లో తేలిగ్గా అనేస్తుంటాం. ఒకటి కాదు. ఆ గిటార్ వాళ్లు ఎంచుకున్నది. డప్పు మనకి అంటగట్టింది. చావుకి కొట్టాలి, జాతరకి కొట్టాలి, చాటింపుకి కొట్టాలి, కొట్టనంటే ఊరు ఊరుకోదు. అందుకే ఎన్నో ఊళ్లలో మనవాళ్లు చావు డప్పు కొట్టం అని దాన్ని కింద పెట్టారు. అదే డప్పుని 1994లో ఈదుముడి నుంచి దండోరాగా మళ్లీ ఎత్తుకున్నారు. కింద పెట్టడమూ మన నిర్ణయమే, ఎత్తుకోవడమూ మన నిర్ణయమే. గోడకి కొట్టడం మాత్రం మన నిర్ణయం కాదు.

ఇప్పుడు టాంపా రెడ్ సంగతి. ఈ వ్యాసం రాయాలనిపించింది ఆయన కోసమే. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే ఫ్లోరిడాలో అమ్మమ్మ దగ్గర పెరిగి, షికాగో చేరిన నల్ల కుర్రాడు. 1928లో జార్జియా టామ్ డోర్సీతో కలిసి చేసిన రికార్డు దేశమంతా అమ్ముడుపోయింది. బంగారు పూత పూసిన నేషనల్ మూడు కోన్ల గిటార్ ఆయన చేతిలో ఉండేది. రికార్డుల మీద నేషనల్ మోగించిన తొలి నల్ల కళాకారుల్లో ఒకడు. బంగారు గిటార్ మనిషి అని పిలిచేవాళ్లు. ఆ వాయిద్యానికి బ్లూస్‌లో విలువ తెచ్చినవాళ్ల పేర్లు చెప్పాలంటే ఆయన్ని దాటి వెళ్లలేం. 1981లో షికాగోలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా చనిపోయాడు.

ఆ గిటార్ 1990ల్లో ఇల్లినాయ్‌లో దొరికింది. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ పాల్ ఆలెన్ పెట్టిన మ్యూజియం 85 వేల డాలర్లకి కొన్నది.

ఆ 85 వేలు రేకుకి కాదు, బంగారు పూతకి కాదు. అదే ఏడాది, అదే పూత, ఇంకెవరిదో అయితే అంత రాదు. టాంపా రెడ్ చేతులకి వచ్చిన ధర అది. చేతులకి మాత్రం రాలేదు.

సన్ హౌస్‌ని 1964లో న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో తెల్ల అభిమానులు వెతికి పట్టుకునేటప్పటికి ఆయన గిటార్ ముట్టి ఏళ్లయింది. సొంత పాటలు మళ్లీ గుర్తు చెయ్యడానికి ఒక తెల్ల కుర్రాడు, ఆలన్ విల్సన్, పక్కన కూర్చోవాల్సి వచ్చింది. బుకా వైట్ పార్చ్‌మన్ జైలు తోటలో శిక్ష అనుభవిస్తుంటే 1939లో అక్కడికి మైకు వెళ్లింది. చార్లీ ప్యాటన్ 1934లో పోతే యాభై ఏళ్లకు పైగా సమాధి మీద రాయి లేదు.

నాకు వడ్డించిన పెద్దమనిషి దగ్గరా జవాబుంది. "మాలాంటివాళ్లు కొనకపోతే ఇవి తుక్కులో కరిగిపోయేవండీ." అబద్ధం కాదు. ఎలక్ట్రిక్ గిటార్ వచ్చాక వీటిని అడిగినవాడు లేడు, తాకట్టు కొట్లలో పడి ఉన్నాయి. సేకరించేవాళ్లు కొని, కోన్లు మార్చి, మెడలు సరిచేసి నిలబెట్టారు. ఆ పనికి దండం. కానీ కాపాడానన్నవాడు దేన్ని కాపాడాడో చూడాలి. ఏడు గిటార్లలో ఆయన వాయించేది ఒక్కటి, అదీ నెలకోసారి. డప్పు తోలు సడలి సంచిలా వేలాడుతోంది. మంట చూపించి ఎన్నేళ్లయిందో.

ఇంకో దారి లేదా అంటే, ఉంది. పాత గిటార్లు అమ్మే ఒక తెల్లాయనే, 1989 ప్రాంతంలో మౌంట్ జయన్ మెమోరియల్ ఫండ్ మొదలుపెట్టాడు. రాళ్లు లేని బ్లూస్ కళాకారుల సమాధులకి రాళ్లు పెట్టించాడు. ప్యాటన్ రాయి అలా వచ్చిందే. తన వ్యాపారం ఎవరి పేరు మీద నడుస్తోందో ఆయనకి అర్థమైంది. సమాధిరాయితో బాకీ తీరదు. కానీ బాకీ ఉందని ఒప్పుకున్నాడు. సేకరించేవాళ్ల దగ్గర నేనడిగేది ముందు ఆ ఒప్పుకోలు.

మనవైపు చూస్తే ఇంకో తమాషా. హవాయి గిటార్ కలకత్తా మీదుగా మన దేశంలో దిగి కచేరీ ఎక్కింది. విశ్వమోహన్ భట్ తీగలు కలిపి మోహన వీణ అన్నారు, 1994లో గ్రామీ వచ్చింది. ఆయన విద్వత్తుని నేను కాదనను. కానీ సముద్రాలు దాటి వచ్చిన గిటార్‌కి వీణ అనే పేరు పెట్టాకే గౌరవం పెరిగిందంటే, ఇక్కడ పేరుకి కూడా కులం ఉన్నట్టే కదా.

తమ్ముడూ, కొనుక్కో. తప్పేం లేదు. ఎగతాళి చేసేవాళ్లకి చెప్పు, నేను కష్టాన్ని కొనట్లేదు, గొంతు కొంటున్నా అని. అయితే 1930ల సరుకు జోలికి పోకు, ఆ డబ్బు ఏ నల్ల కుటుంబానికీ చేరదు. ఇప్పుడు ఆసియాలో తయారయ్యేది తీసుకో. కోన్ సొట్ట పడిందేమో వేలితో తడిమి చూడు, ఏ తీగైనా బరబరమంటే తీసుకోకు, మెడ వంపు చూడు. జారుడుకి వేలికి పట్టే ఇనప గొట్టం ముక్క చాలు. మచ్చలు నువ్వే పెట్టుకో, నీ చేత్తో.

ఆ రాత్రి ఆ పెద్దమనిషిని ఒక్కటే అడిగాను, ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ డప్పాయన పేరు కనుక్కుని నాకు మెసేజ్ పెట్టమని. తప్పకుండా అన్నారు. ఇంకా రాలేదు.

1941లో మిసిసిపీ పాటల సేకరణ అనగానే అందరూ ఆలన్ లోమాక్స్ పేరే చెబుతారు. ఆ పనిలో సగం మోసిన నల్ల పరిశోధకుడు, ఫిస్క్ యూనివర్సిటీ జాన్ వర్క్. ఆయన రాతప్రతులు దొరికి పుస్తకంగా వచ్చేసరికి 2005 అయింది. వచ్చే భాగం ఆయన గురించి. పీహెచ్‌డీ గైడుల కింద నలుగుతున్నవాళ్లు తప్పకుండా చదవండి.