మాజీ ఖరీబ్ తెలిసిన పిల్లకు గ్రామర్ రాదా?

కర్నూలు పాతబస్తీ నుంచి కడప దాకా మన ఇళ్లల్లో ఒక మాట పాతుకుపోయింది. ‘బచ్చీ చదివింది ఉర్దూ మీడియం, దానికి ఇంగ్లీష్ గ్రామర్ యాడ వస్తుంది?’ బీఎడ్ చేసి ఇంగ్లీష్ టీచర్ కావాలనుకునే పిల్ల హౌసలా అక్కడే సగం చస్తుంది. మిగతా సగాన్ని స్పోకెన్ ఇంగ్లీష్ దుకాణం తీస్తుంది: ‘గ్రామర్ అక్కర్లేదు, ముప్పై రోజుల్లో మాట్లాడిస్తాం.’ అమ్మీ గాజులు తాకట్టు పెట్టి ఫీజు కడుతుంది. ఇంట్లో ఉన్న ఉర్దూ ఖవాయిద్ కితాబ్ రద్దీకి పోతుంది.

జనాబ్, షాపులో సరుకు అమ్మడానికి ఆ ముప్పై రోజులు చాలేమో. క్లాసులో పిల్లోడు చెయ్యెత్తి ‘ఎందుకు మేడం?’ అంటే జవాబివ్వాల్సిన మనిషికి చాలవు.

ఆ రద్దీకి పోయిన కితాబ్‌లో ఏముందో చూడండి. ‘ఖత్ లిఖా’ మాజీ ముత్లఖ్. ‘లిఖా హై’ మాజీ ఖరీబ్. ‘లిఖా థా’ మాజీ బయీద్. (మాజీ మంత్రి అంటారే, ఆ మాజీయే.) ఇంగ్లీష్‌లో వరసగా ఐ రోట్, ఐ హావ్ రిటన్, ఐ హ్యాడ్ రిటన్. తెలుగులో మామూలుగా మూడింటికీ ‘రాశాను’ అనేస్తాం. నేను తెలుగు డిగ్రీ చదివినోణ్ణి, తెలుగును తక్కువ చెయ్యడం లేదు. ‘పోయి, చూసి, బేరమాడి, కొనుక్కొచ్చా’ అని నాలుగు పనుల్ని ఒకే దారానికి గుచ్చడం ఇంగ్లీష్‌కు అంత అలవోకగా చేతకాదు. కానీ ప్రెజెంట్ పర్ఫెక్ట్ దగ్గర తడబడే తెలుగు పిల్లలకన్నా, దాని సగోదరుణ్ణి పేరుతో సహా ఎరిగిన మన బచ్చీ ఒక అడుగు ముందే ఉంది.

అట్లని సీదా బదలాయిస్తే బోల్తా పడతాం. ‘కల్ కడప గయా థా’ అంటాం కదా, అదే చేత్తో ‘ఐ హ్యాడ్ గాన్ టు కడప యెస్టర్డే’ అని రాసేస్తాం. నిన్న పోయిన సంగతి ఒక్కటే చెప్పాలంటే ఇంగ్లీష్‌లో ‘వెంట్’ చాలు. ‘హ్యాడ్ గాన్’ కావాలంటే దాని తర్వాత జరిగిన ఇంకో పని పక్కన ఉండాలి: మేం బస్టాండుకు చేరేసరికి బస్సు వెళ్లిపోయింది, అన్నట్లు. ఈ గల్తీ మొద్దుతనం కాదు. మాదరీ జబాన్ చాటుగా వచ్చి వాక్యంలో కూచుంది, అంతే. ఎర్ర సిరాతో కొట్టేయడం ఎవరికైనా వస్తుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం రెండు జబాన్ల ఖవాయిద్ తెలిసిన ఉస్తాదుకే వస్తుంది.

ఖబర్ రాసేవాళ్లకూ ఇదే లెక్క. ప్రభుత్వం ‘హాజ్ అనౌన్స్‌డ్’ అని మొదలుపెడతాం. వాక్యంలో ‘సోమవారం’ పడిందా, ఆ ‘హాజ్’ ఎగిరిపోవాల్సిందే.

1820లో కడపకు కొలువుకొచ్చిన బ్రౌన్ దొర తెలుగు నేర్చాడు, 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీష్‌లో అచ్చేశాడు. మన కచేరీల్లో తిరిగే ఉర్దూ, ఫార్సీ మాటలకు 1850ల్లో వేరే నిఘంటువే కట్టాడు. తెలుగు రావాలంటే ముందు నీ ఇంగ్లీష్ మరిచిపో అని ఆయనకెవరూ నసీహత్ చెయ్యలేదు. మనకు మాత్రం ఇంగ్లీష్ కోసం ఉర్దూను వదిలేయమంటారు, అదీ మనవాళ్లే!

కర్నూలులో 1947 నుంచి ఉస్మానియా కాలేజీ ఉంది. 2016 చట్టంతో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. ఖవాయిద్, వ్యాకరణం, గ్రామర్ మూడింటినీ పక్కపక్కన పెట్టి, టీచర్ కాబోయే మన పిల్లలకు ఒక పల్చటి కితాబ్ రాయించడం ఈ ఊరికి భారమా? ముషాయిరాకు షామియానా వేసే ఖర్చు కూడా కాదు.

అదయ్యేదాకా, అమ్మీజాన్, ఫీజు కట్టేముందు ఆ మాస్టరును ఒక్క సవాల్ అడగండి: ‘హ్యాడ్ గాన్ యెస్టర్డే’ ఎందుకు తప్పు? ‘అదంతే, బట్టీ పట్టించండి’ అంటే గాజులు మళ్లీ చేతికి వేసుకుని ఇంటికొచ్చేయండి.