మోటారు తీగల పొగ

పామూరు ప్రాంతమున నేడు వ్యవసాయమనగా చాలవరకు బోరుబావి వ్యవసాయమే. వందలాది అడుగుల లోతునకు మోటారును దింపి, దానితోకూడ అంత పొడవు కరెంటు తీగను వ్రేలాడదీసి మనము నీటికై పడు పాట్లు చదువరులకు క్రొత్తగా చెప్పవలసినవి కావు. మోటారు కాలుటయు, తీగ చెడుటయు ఏటేట జరుగుచుండునవే. చెడిన తీగను మనమేమి చేయుచున్నామను ప్రశ్నను మాత్రము ఎవరును వేసికొన్నట్లు కానరాదు.

గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలమున ఒక పొలము గట్టున పాత తీగలను కుప్పవేసి కాల్చుచుండుట చూచితిని. నల్లని పొగ, ముక్కును, కన్నులను మండించు ఘాటు. పదిబారల దూరమున పాడిగేదె గడ్డి మేయుచున్నది. ఇట్లేల కాల్చెదరని యడుగగా ఆ పొలము పెద్ద, "ఏమి చేయమందురండీ? తొడుగుతో తీసికొనిపోయినచో తూకములో కోసివేయుదురు. కాల్చినచో రాగి చేతికి వచ్చును" అనెను. ఆయన మాటలో అబద్ధము లేదు. అయితే లెక్క పూర్తిగా వేయబడలేదు.

తీగల తొడుగు పి.వి.సి. లేక దానివంటి ప్లాస్టిక్కు. తీగ వేడెక్కినపుడు మంట అంటుకొనకుండుటకై కొన్ని రకముల తొడుగులలో క్లోరిను మిక్కిలిగా గల మందులను కలుపుదురు. అట్టివానిలో నొకటి డెక్లోరేన్ ప్లస్ అనునది. దీని పుట్టుకను తెలిసికొనినచో మన రైతులు ఉలికిపడుదురు. హెక్సాక్లోరోసైక్లోపెంటడయీను అను నోరు తిరుగని పేరుగల మూలద్రవ్య మొకటి కలదు. మన పల్లెలలో ఎన్నో ఇండ్ల దీపమార్పిన ఎండ్రిను దాని బిడ్డయే. ప్రత్తి చేలపై చల్లిన ఎండోసల్ఫానును దాని బిడ్డయే. డెక్లోరేన్ ప్లస్‌నందు ఆ తల్లివి రెండు రూపములు చేరి, పండ్రెండు క్లోరిను పరమాణువులు కోటగోడవలె నిలిచియున్నవి. ఎండ్రినువలె త్రాగినవానిని తత్‌క్షణము చంపునది కాదు గనుక దీనికి చెడ్డపేరు రాలేదు. కాని ఆ కోటగోడ కతన మట్టిలోని సూక్ష్మజీవులు దానిని సులభముగా విరుగగొట్టలేవు. పశువుల పెంట మ్రగ్గి ఎరువగును, ఆకు కుళ్లి మన్నగును. ఇది మాత్రము ఏండ్ల తరబడి ఇదిగానే యుండును.

పురుగుమందునకును మంటమందునకును గల చుట్టరికము ఇంకను దగ్గరిది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నిప్పుచీమలను చంపుటకు 1960 దశాబ్దమున మైరెక్సు అను మందును చల్లిరి. ఆ పదార్థమునే డెక్లోరేను అను పేరిట ప్లాస్టిక్కులలో మంటనాపుటకు అమ్మిరి. అంగడిలో నొక పేరు, కర్మాగారములో నొక పేరు! దానికి కీడు కలదని తేలిన పిమ్మట దాని తావున వచ్చినదే డెక్లోరేన్ ప్లస్. నయాగరా కడ నున్న కర్మాగారములో దీనిని 1960 దశాబ్దము నుండి చేయుచుండగా, పరిసరములలో నున్నదని లోకమునకు తెలిసినది 2006లో. ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన రోనాల్డ్ హైట్సును, ఆయన సహచరులును ఆ సీమలోని మహాసరస్సుల గాలిలోను, చేపలలోను, అడుగు బురదలోను దీనిని కనుగొనిరి. నలువది ఏండ్లు ఎవరును వెదుకలేదు, వెదుకనందున లేదనుకొనిరి.

సరస్సు అడుగు బురద అనగానే మన చెరువుల పూడిక జ్ఞాపకమునకు రావలెను. ఈ మందు నీటిలో దాదాపు కరగదు; మట్టి రేణువులను, సేంద్రియ పదార్థమును పట్టుకొనియుండును. కావున మన బోరు నీరు దీనిచే పాడగునని భయపెట్టుట నా యభిప్రాయము కాదు. ఆ నీటికి ఫ్లోరైడు బాధ చాలినంత యున్నది. భయము పైమట్టికి. గట్టున కాల్చిన తీగల మసి వానకు కొట్టుకొనిపోయి వాగులో పడును, వాగు చెరువును చేరును. మోపాడు జలాశయమైనను, ఊరి కుంటయైనను నీరు నిలుచుచోట ఒండ్రు అడుగుకు దిగును. ఎండకాలమున ఆ పూడికనే బంగారమని బండ్లతోను, ట్రాక్టర్లతోను తోలి చేలలో వేయుదుము. గట్టు మీద కాల్చినది మరల గట్టు దాటి చేనిలోనికే రాగలదు. కోడి మట్టిని కెలకి తినును. గేదె పొట్టిగడ్డిని మట్టితో సహా పీకును. క్రొవ్వునందు నిలుచు ఇట్టి విషములు గ్రుడ్డు ద్వారమునను, పాల ద్వారమునను మనుష్యుని చేరుట శాస్త్రజ్ఞు లెరిగిన త్రోవయే.

కాల్చిన మందు నశింపదా యని కొంద రడుగుదురు. కొలిమివంటి తీవ్రమైన వేడిలో నశించును. గట్టుమీది మంటలో కొంత చెడకయే ఆవిరియై పొగతో పోయి చుట్టుపట్ల దిగును. పి.వి.సి. కాలుటవలన డయాక్సినులను వేరు విషములు క్రొత్తగా పుట్టును. రాగి వానికి తోడ్పడును. చైనాలో గుయియు పట్టణమున పాత విద్యుత్ సామానులను విప్పి, కాల్చి బ్రదికినవారి రక్తములోనే డెక్లోరేన్ ప్లస్ కనబడినది.

మన్ను పాడైన పిమ్మట ఏమగునో చూడగోరువారు ఫ్రెంచివారి యేలుబడిలోని మార్టినీకు, గ్వాడెలూపు ద్వీపములను చూడవలెను. అచ్చట అరటిదుంపను తొలుచు పురుగునకై 1972 నుండి 1993 వరకు క్లోర్డికోను చల్లిరి. అదియు ఆ తల్లి బిడ్డయే. చల్లుట మాని ముప్పది ఏండ్లు దాటినను, ఆ నేలలో పండిన దుంపకూరలను పరీక్షింపక తినరాని స్థితి యున్నది. పెద్దవారిలో నూటికి తొంబదిమందికి పైగా రక్తములో ఆ మందు కలదు. నేల శుద్ధియగుటకు కొన్నిచోట్ల శతాబ్దములు పట్టునని చెప్పుచున్నారు. అది చేతులార చల్లిన మందు, మనది పొగలో వచ్చు కొలది భాగము, రెండును సమానములు కావని యొప్పుకొందును. కాని తీయలేనిదానిని కొలదిగానైనను ఏల వేయవలెను?

లోకము ఈ కుటుంబమును ఒక్కొక్కరినిగా వెలివేయుచున్నది. 2001 నాటి స్టాక్‌హోము ఒడంబడికలో మొదటి పండ్రెండింట ఎండ్రినును, మైరెక్సును చేరినవి. 2011లో ఎండోసల్ఫాను, 2023లో డెక్లోరేన్ ప్లస్ చేరినవి. పి.వి.సి.లో వాడు క్లోరినేటెడ్ పారాఫినులలో ఒక తెగ 2017లోను, మరియొక తెగ 2025లోను చేరినవి. మన దేశము 2006లో ఒడంబడికను అంగీకరించినను, తరువాత చేర్చిన పదార్థములు ఒక్కొక్కటిని మనము వేరుగా అంగీకరించిననే మనకు వర్తించును. అంగీకరించినను, ఇదివరకే బావులలో వ్రేలాడుచున్న తీగలు ఎక్కడికి పోవును? ఏ తొడుగులో ఏ మందు కలదో కంటితో చూచి చెప్ప వీలులేదు. అందుచేత ఏ తొడుగును కాల్చరాదనుటయే తెలివి.

రైతును మందలించి యూరకొనుటవలన ప్రయోజనము లేదు. కాల్చిన రాగి నల్లబడి, పెళుసై తక్కువ ధర పలుకును. తొడుగు ఒలిచిన మెరుగు రాగికి ఎక్కువ ధర వచ్చును. ఒలుచుటకు చేతితో త్రిప్పు చిన్న యంత్రములు కలవు. ఒక్క రైతు కొనుట దండుగ. సంఘము కొనినచో ఊరందరికిని చాలును. సభ్యులు చెడిన తీగలను గోదామునకు తెచ్చి తూచి యిచ్చుట, సంఘము ఒలిపించి రాగిని ఒక్కసారిగా అమ్మి, ఖర్చు పోను సొమ్మును సభ్యుల ఖాతాలకు వేయుట, తొడుగును గోనెలలో కట్టి అనుమతిగల శుద్ధి కర్మాగారమునకు పంపుట - ఇంతే పని. తొడుగు పంపుటకు బండి కిరాయి తప్ప రాబడి యుండదు. దానిని సంఘమే భరింపవలెనని నా మనవి. ఎరువుల వ్యాపారమునకే సంఘమని, పాత సామాను వ్యాపారమునకు కాదని కార్యవర్గములో ఆక్షేపణ రాగలదు. సంఘము అప్పిచ్చి దింపించిన మోటార్ల తీగలే ఇవి. రాబోవు మహాజనసభ విషయసూచికలో దీనిని చేర్చుమని కార్యదర్శిగారికి వ్రాసియిచ్చితిని. సభ్యులును తమ యింట ఎంత పాత తీగ పడియున్నదో తూచి ఆ లెక్కతో సభకు రాగోరెదను.