హబ్ పేరుతో వచ్చే ప్రతి పెట్టె హబ్ కాదు

ఇంటి దీపాలను, స్విచ్‌లను కలిపే ఆర్‌ఎస్-485 బస్ తీగలన్నీ ఒకే హబ్ దగ్గరికి లాగి కలిపేయవచ్చన్న గత సంచిక వ్యాసంలోని మాట సరికాదు. ఈ బస్‌లో తీగ ఒక పరికరం నుంచి ఇంకోదానికి వరుసగా సాగాలి. రెండు కొసల్లోనే 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. మధ్యలో పొడవైన కొమ్మలుంటే సంకేతం కొసను తాకి వెనక్కి వచ్చి డేటాను చెడగొడుతుంది. అప్పుడు దీపం ఓసారి వెలుగుతుంది, ఓసారి మొరాయిస్తుంది. నింద మాత్రం పాపం స్విచ్‌ది. ఉత్త కనెక్టర్ల పెట్టెలు రెండు మూడు జతచేస్తే కొమ్మలు పెరుగుతాయంతే. కావలసింది రిపీటర్ ఉన్న హబ్. దాని ప్రతి పోర్టూ విడి బస్సే కనుక దేని రెసిస్టర్లు దానికే ఉండాలి. ఇళ్లలో వాడే మరో బస్ కేఎన్‌ఎక్స్ తీగల సంగతి వేరు: అక్కడ శాఖలు చెల్లుతాయి, రెసిస్టర్లు అక్కర్లేదు, వలయం మాత్రం కూడదు. వ్యాసకర్త రెండింటినీ కలగలిపేశారు. ఇల్లు కట్టుకునేవారు గోడల ప్లాస్టరింగ్‌కు ముందే ఏ బస్ వాడేదీ తేల్చుకోవాలి.