రైల్లో చదివిన క్షయ పుస్తకం

ముద్దనూరులో రైలెక్కితే నా సంచిలో ఏదో ఒక పుస్తకం ఉంటుంది. ఈమధ్య అలా చదివినవాటిలో నన్ను వదలనిది జాన్ గ్రీన్ రాసిన ‘ఎవ్రీథింగ్ ఈజ్ ట్యుబర్‌క్యులోసిస్’ (2025). ఆయన డాక్టరు కాదు, నవలా రచయిత. సియెర్రా లియోన్‌లో క్షయతో పోరాడిన హెన్రీ అనే కుర్రాడి గురించి చెబుతూ, మందులున్న జబ్బుతో ఏటా 12 లక్షల మందికి పైగా ఎందుకు పోతున్నారని అడుగుతారు. సగం జవాబు మన ఇళ్లల్లోనే ఉంది. సర్కారు ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. తిండికి నెలకు 1000 రూపాయలూ ఇస్తారు. అయినా పెళ్లీడు పిల్లకు క్షయ అంటే, ఊళ్లో తెలుస్తుందని ప్రొద్దుటూరు కూడా దాటించి తీసుకెళ్తారు. దగ్గు తగ్గగానే మందులు మాన్పిస్తారు. మామూలు క్షయకైనా 6 నెలలు వాడాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు సిరప్‌లు మార్చకుండా తెమడ పరీక్ష చేయించండి. రిపోర్టు సంగతి మేం బయట చెప్పం.