గుంట కాదు... గట్టు!

కడియం మొక్కల బండి వీధిలోకి వచ్చిందంటే ఇంటావిడ చూపు మందారం మీద, పిల్లల చూపు జామ మీద, ఇంటాయన చెయ్యి జేబు మీద. బేరం కుదురుతుంది. పెరట్లో రెండడుగుల గుంట తవ్వి, ఇంత పశువుల ఎరువు, నాలుగు దోసిళ్ల ఇసుక పోసి మొక్క నాటుతారు. చుట్టూ పాదు కూడా చేస్తారు. అంతా శాస్త్రోక్తమే! తీరా వానలు పట్టాక ఆకులు పసుపుపచ్చగా మారి రాలడం మొదలవుతుంది. 'పాపం, నీళ్లు చాలడంలేదేమో' అని ఇంకో బకెట్ పోస్తారు. దాంతో దాని కథ ముగుస్తుంది.

తప్పు బండివాడిది కాదు, గుంటది. విజయవాడ నుంచి బందరు దాకా చాలా పెరళ్లలో ఉన్నది నీరు తొందరగా ఇంకని బంకమన్ను. అందులో గుంట తవ్వి గుల్లమట్టి నింపితే అది గిన్నెలా పనిచేస్తుంది. చుట్టుపక్కల వాననీరంతా అందులోకే దిగి నిలుస్తుంది. గాలాడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు. అంటే మొక్క నీళ్లలో నిలబడే దాహంతో వాడిపోతుందన్నమాట! ఇక ఆ నాలుగు దోసిళ్ల ఇసుక సంగతా? బంకమన్నులో కాస్త ఇసుక కలిస్తే గుల్లబారదు, ఎండాక ఇటుకలా బిగుస్తుంది.

పాదు రాయలసీమకు మేలు. అక్కడ పడ్డ చుక్కను పట్టుకోవాలి. డెల్టాలో ఎక్కువైన చుక్కను వదిలించుకోవాలి. పసుపూ కందా వేసే రైతు బోదెలు తోలేదీ, కొబ్బరిని గట్టు మీద పెట్టేదీ అందుకే.

మీ పెరడు సంగతి తేల్చుకోవాలంటే అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి, గడియారం పిల్లల చేతికివ్వండి. నాలుగైదు గంటల్లో ఇంకితే ఫర్వాలేదు. మర్నాటికీ అందులో ఆకాశం కనిపిస్తోందంటే గట్టు తప్పదు.

ముందు నేలను గడ్డపారతో గుల్ల చేయండి. పక్కనే జానెడు లోతు కాలువ తీసి, ఆ మట్టిలో బాగా చివికిన ఎరువు, ఆకుల కంపోస్టు కలిపి అడుగున్నర ఎత్తున తాబేలు వీపులా పోయండి. తిన్నగా పోస్తే పొలం గట్టులా ఉంటుంది. పాములా మెలికలు తిప్పితే చిన్న పెరడు కూడా పెద్దదిగా కనిపిస్తుంది, పిల్లలకు దూకడానికీ బాగుంటుంది. ఇంటిగోడకు మాత్రం ఆనించొద్దు, చెమ్మెక్కుతుంది. నీళ్లు నిలిస్తే ప్రాణం మీదికి తెచ్చుకునే బొప్పాయి, మునగ, కరివేపాకులకు శిఖరం ఇవ్వండి. మల్లెలూ అక్కడే. వాలులో బంతి, కనకాంబరం. కాలువ పక్క మెట్టతామర, చామ, పొన్నగంటి... వాటికి తడి పండగే. కాలువ కొసను బయటి డ్రైనుకు కలపడం మరవొద్దు. వారం నీళ్లు నిలిస్తే పూలకంటే ముందు దోమలు విచ్చుకుంటాయి.

ఎండాకాలంలో వచ్చే చిక్కు వేరు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయో లేదో గానీ నల్లమన్ను మాత్రం నెర్రెలిచ్చి వేళ్లను తెంపేస్తుంది. మూడంగుళాల మందాన వరిగడ్డి పరిస్తే ఆ బాధ తగ్గుతుంది. గడ్డి కాండానికి తగలకుండా బెత్తెడు ఎడం ఉంచాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి మునిగాయి. అలాంటి నీటికి గట్టూ లేదు, పల్లమూ లేదు. కాకపోతే నీరు తీశాక ముందు ఆరేది మిట్టే, వేరుకు ముందు గాలి అందేదీ అక్కడే. వరద తీసిన పెరట్లో వెంటనే ఎరువు వేయకూడదు. మొదళ్ల దగ్గర పేరుకున్న ఒండ్రును చెక్కేసి, పైపైన మట్టి గుల్ల చేసి, కొత్త చిగురు కనిపించేదాకా ఆగాలి. వరదనీరు తగిలిన ఆకుకూరల్ని మొహమాటం లేకుండా పీకి పారేయాలి.

మరి ఇప్పటికే గుంటలో ఉన్న మొక్క మాటేమిటంటారా? చిన్నదైతే మబ్బుపట్టిన రోజు చూసి మట్టిగడ్డతో సహా లేపి గట్టెక్కించండి. చెట్టయిపోతే కదపొద్దు, మొదట్లో మట్టీ ఎగదోయొద్దు. పాదుకు ఒకవైపు గండికొట్టి నీటికి దారి చూపించండి చాలు.