శౌరి గారి వీడియోకి చప్పట్లు కొట్టే ముందు



వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే వీడియో తిరుగుతోంది. అరుణ్ శౌరి గారు మోదీ ప్రభుత్వాన్ని ఉతికి ఆరేస్తున్న వీడియో. కింద మనవాళ్ల కామెంట్లు చూశాం: బీజేపీ మంత్రిగా చేసి కూడా నిజం మాట్లాడుతున్నాడు, ఇలాంటివాళ్లే మన గొంతు అని. మాట వరకు మాకూ నచ్చింది. ఆ "మన గొంతు" దగ్గరే ఆగిపోయాం.

ఆయనకు దక్కాల్సిన గౌరవం ముందే ఇచ్చేస్తాం. బీహార్‌లోని భాగల్పూర్‌లో పోలీసులు 30 మందికి పైగా విచారణ ఖైదీల కళ్లు పొడిచి యాసిడ్ పోశారు. 1980 నవంబర్‌లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ దాన్ని బయటపెట్టినప్పుడు ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ ఆయనే. (తిరిగి, అడిగి, రాసింది అరుణ్ సిన్హా అనే విలేకరి. ఆ పేరు ఎవరికీ గుర్తుండదు లెండి.) మరుసటి ఏడాది మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతూలే ట్రస్టుల బాగోతం రాశారు. 1982 జనవరిలో అంతూలే కుర్చీ దిగాల్సి వచ్చింది. అదే ఏడాది శౌరి గారికి మెగసెసే అవార్డు. చిన్న పని కాదు.

మరి మన దగ్గరికొచ్చేసరికి ఆ కలం ఏం చేసింది? 1990లో మండల్ సిఫార్సుల మీద విరుచుకుపడింది. 1997లో అంబేడ్కర్‌ని తక్కువ చేస్తూ 'వర్షిపింగ్ ఫాల్స్ గాడ్స్' అని లావుపాటి పుస్తకం రాసింది. 1998లో ఆయన బీజేపీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. 2006లో రిజర్వేషన్ల మీద ఇంకో పుస్తకం. ఇదంతా అభిప్రాయమే, ఎవరికైనా ఉండొచ్చు అంటారా? సరే. అభిప్రాయం పక్కన పెట్టి, మంత్రిగా చేసిన పని చూద్దాం.

వాజ్‌పేయి ప్రభుత్వంలో ఆయనది పెట్టుబడుల ఉపసంహరణ శాఖ. అంటే ప్రభుత్వ కంపెనీలు అమ్మే శాఖ. 2001లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలో ఉన్న బాల్కో అల్యూమినియం కంపెనీలో 51 శాతం వాటా స్టెరిలైట్‌కి 551.5 కోట్లకు ఇచ్చేశారు. కార్మికులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. రాష్ట్ర ప్రభుత్వమే అడ్డం తిరిగింది: ఇది ఆదివాసీ ప్రాంతం, ఈ భూములు ప్రభుత్వ కంపెనీ అని ఇచ్చినవి, ప్రైవేటు చేతికి ఎలా పోతాయి అని. అలా అడగడానికి వాళ్లకు ఆధారం ఎక్కడిదో తెలుసా? మన దగ్గరిదే. అనంతగిరి మండలం బొర్రా, నిమ్మలపాడు గనుల మీద సమత సంస్థ కొట్లాడి, 1997 జూలై 11న సుప్రీంకోర్టులో గెలిచిన తీర్పు. షెడ్యూల్డ్ ఏరియాలో ఆదివాసీ కాని వ్యక్తికి భూమి బదిలీ చేయకూడదు, ఆ "వ్యక్తి" అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది అని చెప్పిన తీర్పు.

2001 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు బాల్కో అమ్మకాన్ని సమర్థించింది. అక్కడి చట్టం వేరు, సమత తీర్పు దీనికి వర్తించదు అంది. అంతటితో ఆగలేదు. సమత తీర్పు సరైనదేనా అన్న దాని మీదే మాకు గట్టి అభ్యంతరాలున్నాయని కూడా రాసేసింది. ఇంకో మాట: చేతులు మారింది వాటాలే, భూమి బదిలీ కాలేదట! నేల కదల్లేదు నిజమే. ఆ నేల మీద పెత్తనం ఎవరి చేతికి పోయింది?

ఆయన లంచం తిన్నారని మేం అనట్లేదు. కోర్టులో గెలిచారు కూడా. మా గొడవ వేరు. ఒక ముఖ్యమంత్రి ట్రస్టుల కాగితాలు ఒక్కొక్కటీ తవ్విన మనిషికి, కోర్బా భూముల కాగితాల్లో కంపెనీ విలువే కనపడింది. ఐదో షెడ్యూల్ కనపడలేదు.

"అదంతా పాత కథ, ఇప్పుడు మారారు కదా" అంటాడు మా రూమ్‌లో తమ్ముడొకడు. రఫేల్ మీద 2018లో సుప్రీంకోర్టుకెళ్లారు, నిజమే. కానీ మోదీతో పేచీ వేరు, మనతో లెక్క వేరు. ఆ తమ్ముడు ఇప్పుడు డీఎస్సీకి చదువుతున్నాడు. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అది శౌరి గారు రాసిన తీర్పు కాదు. కానీ రిజర్వేషన్ అంటే మెరిట్‌కి అన్యాయం అన్న వాదనకు ఇంగ్లీషు చదువరుల్లో పరువు తెచ్చిపెట్టినవాళ్లలో ఆయనది ముందు వరస. ఆ దెబ్బ మా తమ్ముడి అప్లికేషన్ ఫారం మీదే పడింది.

వీడియో పెట్టినవాళ్లని తిట్టట్లేదు, డిలీట్ చేయమనీ అనట్లేదు. అదే పోస్టు కింద సమత తీర్పు, బాల్కో తీర్పు పీడీఎఫ్‌లు రెండూ పెడుతున్నాం. ఇంగ్లీషు కష్టమైతే అడగండి, ముఖ్యమైన పేరాలు తెలుగు చేసి ఆదివారం లోపు ఇక్కడే పెడతాం. కామెంట్లు ఆ తర్వాత రాయండి.