గేటు, బడి, పన్ను: వార్డు అభ్యర్థి వాగ్దానాల లెక్క

పురపాలక ఎన్నికలు సమీపించినప్పుడల్లా రైల్వే కాలనీల మొగదల, తపాలా ఉద్యోగులు నివసించే వీధులలో ఒక అభ్యర్థి ప్రత్యక్షమవుతాడు. పేరు మారుతుంది, కండువా రంగు మారుతుంది, ప్రసంగం మాత్రం మారదు. ట్రాఫిక్ బాధ తీరుస్తానంటాడు. పిల్లలకు మంచి చదువు చెప్పిస్తానంటాడు. పన్నులు తగ్గించి, దుబారా అరికడతానంటాడు. విడివిడిగా వింటే ఈ మాటలలో దేనికీ అభ్యంతరం చెప్పనక్కరలేదు. ఒకచోట చేర్చి లెక్క కట్టినప్పుడే ఒక వాగ్దానం మరొక వాగ్దానాన్ని ఎలా మింగివేస్తున్నదో బోధపడుతుంది.

ముందుగా మన సభ్యులలో కొందరి వైఖరిని గురించి ఒక మాట. "మేము కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులం, వార్డు ఎన్నికలతో మాకేమి పని?" అనే వారు ప్రతి బ్రాంచిలోను ఉన్నారు. రైల్వే ఉద్యోగులకు 1966 నాటి ప్రవర్తనా నియమావళి, తపాలా ఉద్యోగులకు 1964 నాటి నియమావళి ఎన్నికల ప్రచారాన్ని నిషేధించిన మాట నిజమే. అయితే ఆ నియమావళులే ఓటు హక్కును స్పష్టంగా గుర్తించాయి. ప్రచారం చేయరాదన్నాయే గాని ఆలోచించరాదని అనలేదు. 2020 డిసెంబరు 1న జరిగిన హైదరాబాదు మహానగరపాలక ఎన్నికలలో ఓటు వేసినవారు 46 శాతం పైచిలుకు మాత్రమే. తక్కిన సగానికి పైగా జనం ఇంట కూర్చున్నారు. ఇంట కూర్చున్నవారి వీధిలోని మురుగు కూడా వీధిలోనే ఉంటుంది గదా!

ఇక ట్రాఫిక్ సంగతి. రైలు మార్గం నడిబొడ్డున పోయే ఏ పట్టణంలోనైనా అభ్యర్థి మొదటి బాణం లెవెల్ క్రాసింగ్ గేటు మీదికే వెళుతుంది. "రైల్వేవారు గంటల తరబడి గేటు వేసి ప్రజలను హింసిస్తున్నారు" అంటాడు. చప్పట్లు మోగుతాయి. మరునాడు ఆ చప్పట్ల ఫలితాన్ని అనుభవించేది గేట్‌మన్. గేటు మూసి తాళం పడనిదే సిగ్నల్ ఇవ్వడానికి వీలులేని ఏర్పాటు ఉన్నచోట, బండి దాటిపోకముందే గేటు తీయడం అతని చేతిలో లేదు. ఈ సంగతి మోటారు సైకిలు మీద నిలబడి హారన్ మోగించే యువకునికి తెలియకపోవచ్చు. పట్టణాన్ని పాలించడానికి వచ్చిన అభ్యర్థికి తెలియదనడం నమ్మదగిన మాట కాదు.

గేటు స్థానంలో వంతెన ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న. గేటు గుండా రోజుకు పోయే రైళ్ల సంఖ్యను రహదారి వాహనాల లెక్కతో గుణిస్తే వచ్చే అంకె లక్ష దాటితే, ఓవర్‌బ్రిడ్జి ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం సగం సగం భరించాలన్నది ఏళ్ల తరబడి అమలైన పద్ధతి. పట్టాల పైభాగం రైల్వే కడుతుంది. ఇరువైపుల చేరుడు రోడ్లు, వాటికి కావలసిన భూసేకరణ రాష్ట్రం బాధ్యత. అందుకే నడుమ భాగం పూర్తి అయి, రెండు కొసలు నేలకు దిగక, ఆకాశంలో వ్రేలాడే వంతెనలను మన సభ్యులు ఎన్నో చూశారు. ఏ దుకాణదారుని స్థలం పోతుంది, ఎవరికి నష్టపరిహారం ఎంత అనే వివాదాల వద్దనే ఆ కొసలు ఆగిపోతాయి. ఆ దుకాణదారులలో కొందరు అభ్యర్థి వేదిక మీదనే కూర్చుని ఉంటారు. వంతెనకు బదులు అండర్‌బ్రిడ్జి తవ్వినచోట తొలకరి వానకే మోకాటి లోతు నీరు నిలుస్తుంది. ఆ నీటిని తోడే మోటారుకు, పారే కాలువకు ఖర్చు ఎవరిదన్న సంగతి ప్రారంభోత్సవం నాడు ఎవరూ ఎత్తరు.

బ్రాడ్‌గేజ్ మార్గాలలో కాపలా లేని గేట్లన్నింటినీ 2019 జనవరి ఆఖరు నాటికి తొలగించారు. నిధులు, సంకల్పం రెండూ ఉన్నప్పుడు పని జరుగుతుందనడానికి ఇదే నిదర్శనం.

మరి అభ్యర్థి చెప్పే ట్రాఫిక్ ఎవరిది? అతని ప్రసంగంలో రహదారి అంటే కారు పోయే దారి. ఫ్లైఓవరు వస్తుంది, రోడ్డు వెడల్పవుతుంది, బండ్ల మీద కూరలమ్మేవారిని తరిమివేస్తారు. నడిచేవాడి ఊసే ఉండదు. 2022లో మన దేశంలో రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్క. వారిలో ద్విచక్ర వాహనాల వారు 44.5 శాతం, పాదచారులు 19.5 శాతం. చనిపోయిన ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఇద్దరు కారు లేనివారే. సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే పోస్ట్‌మన్, తెల్లవారుజామున డ్యూటీకి సైకిలు మీద పోయే ట్రాక్ మెయింటెయినర్ ఈ లెక్కలోని మనుషులు. కాలిబాట వారికి అలంకారం కాదు, ప్రాణరక్షణ.

హైదరాబాదు, సికిందరాబాదులలో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు 2003 ఆగస్టు 9న మొదలైనాయి. స్వల్ప ఛార్జీతో సామాన్యుని గమ్యం చేర్చిన సేవ అది. 2012-13లో మంజూరైన రెండవ దశకు మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలని ఒప్పందం. వాటాల తగవు సాగి సాగి, ఆ దశలోని కొన్ని మార్గాలలో ప్రయాణికులు రైలెక్కడానికి 2023 ఏప్రిల్ దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఈ దశాబ్ద కాలంలో నగరంలో ఫ్లైఓవర్లు మాత్రం వరుసగా లేచాయి. డబ్బు లేదన్న వాదన కారు దారి దగ్గర వినబడదు, రైలు దారి దగ్గరే వినబడుతుంది.

పాఠశాలల విషయానికి వస్తే అభ్యర్థి గొంతు మరింత మెత్తబడుతుంది. "సర్కారు బడిలో పిల్లలు లేరు. లేని పిల్లల కోసం టీచర్లను పోషించడం దుబారా" అంటాడు. పిల్లలు లేరు కాబట్టి టీచర్లను తీసివేస్తారు, టీచర్లు లేరు కాబట్టి పిల్లలు మానివేస్తారు. ఈ గానుగ ఎవరు తిప్పుతున్నారో అతడు చెప్పడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు జీ.వో. మూడు, నాలుగు, అయిదు తరగతులను ఊరి ప్రాథమిక పాఠశాల నుండి తీసి ఉన్నత పాఠశాలలలో కలపబూనింది. ఉపాధ్యాయ సంఘాలు, తలిదండ్రులు ప్రతిఘటించారు. చివరకు 2025లో ఆ ఉత్తర్వు రద్దయింది. ఆ మధ్యకాలంలో చిన్న పిల్లలు దూరపు బడికి నడిచిన నడకకు గాని, పెద్ద రోడ్డు దాటలేక మానివేసిన చదువుకు గాని పద్దు ఎవరూ రాయలేదు. బడి ప్రశ్న, ట్రాఫిక్ ప్రశ్న ఒకటేనని ఇక్కడే తేలుతుంది. కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల ఉండాలన్న విద్యాహక్కు నిబంధన అమలైతే ఉదయం ఎనిమిది గంటలకు మన వీధులను దిగ్బంధం చేసే స్కూలు బస్సులలో సగం అవసరం లేకపోను.

ఇది మన గుమ్మంలోకి కూడా వచ్చింది. 2021లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రధాన ఆర్థిక సలహాదారు నివేదిక రైల్వే పాఠశాలలను కేంద్రీయ విద్యాలయాలకో రాష్ట్రాలకో అప్పగించాలని, కానిచోట మూసివేయాలని సూచించింది. ఆ నివేదిక లెక్కల ప్రకారమే 94 పాఠశాలలలో రైల్వే ఉద్యోగుల పిల్లలు సుమారు 15 వేలు, బయటి పిల్లలు సుమారు 34 వేలు. "మీ పిల్లలే చదవడం లేదు, ఇక మీకెందుకు?" అన్నది యాజమాన్యం తర్కం. మనం దీనిని తలకిందులుగా చదువుతాము. ఆ 34 వేల మంది ఊరి పిల్లలు. రైల్వే బడి మూతపడితే వారు ఏ బడికి పోవాలో చెప్పవలసినవాడు ఆ ఊరి ప్రజాప్రతినిధి. వార్డు సభలో ఈ మాట ఎత్తిన అభ్యర్థి ఎంతమంది?

చివరిది డబ్బు. "పన్ను తగ్గిస్తాను" అనే అభ్యర్థికి ఆ అధికారం ఎంతవరకు ఉన్నదో చూద్దాము. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు 18 అంశాల జాబితా చూపింది. జాబితా వచ్చింది, ఖజానా రాలేదు. రిజర్వు బ్యాంకు 2022 నివేదిక ప్రకారం మన పురపాలక సంస్థల రాబడి దశాబ్దానికి పైగా జాతీయోత్పత్తిలో ఒక శాతం దగ్గరే నిలిచిపోయింది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. మన జీతపు చీటీలో కోతపడే వృత్తి పన్ను ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక సంస్థల పన్నే. 1987 చట్టంతో అది రాష్ట్ర ఖజానాకు మళ్లింది.

2020లో కేంద్రం రాష్ట్రాల అదనపు అప్పులో కొంత భాగానికి ఆస్తిపన్ను సంస్కరణను షరతుగా పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది చివరలో చట్టం సవరించి, అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను వేసే పద్ధతిని 2021 ఏప్రిల్ నుండి ప్రవేశపెట్టింది. ఆ సవరణ జరిగిన నాటికి పట్టణాలలో ఎన్నికైన పాలకమండళ్లే లేవు. ఎన్నికలు 2021 మార్చిలో గాని జరగలేదు. అంటే పన్ను పద్ధతి ముందు నిర్ణయమైంది, ప్రతినిధులు తరువాత వచ్చారు! పన్ను తగ్గిస్తానని ఆ మార్చిలో మాట ఇచ్చినవారు తమ చేతిలో లేని తాళపుచెవిని మనకు చూపారు.

మనం పన్నులకు వ్యతిరేకులం కాము. కాలిబాట, కాలువ, బడి, ఆసుపత్రి పన్నుల వల్లనే వస్తాయి. రైల్వే ఆస్తులకు 285వ అధికరణం కింద పన్ను మినహాయింపు ఉన్నా, పురపాలక సంఘం అందించే సేవలకు చార్జీలు చెల్లించవలసి ఉన్నది. ఆ చార్జీ కట్టినచోట రైల్వే కాలనీకి నీళ్లు, వీధి దీపాలు అడిగే హక్కు ఉన్నది. కట్టనిచోట బకాయి ఎంతో తెలుసుకోవాలి. మన వ్యతిరేకత కార్మికుని రెండు గదుల ఇంటిపై పన్ను పెంచి, బజారులోని అంతస్తుల భవనాన్ని తక్కువగా అంచనా వేసే పక్షపాతానికి. పారిశుద్ధ్య కార్మికుని పర్మనెంటు చేయక కాంట్రాక్టరుకు అప్పగించి, దానికి పొదుపు అని పేరు పెట్టే మోసానికి. దుబారా ఎక్కడ అని అడిగితే ప్రతి అభ్యర్థి వేలూ జీతాల పద్దు మీదికే పోతుంది, కాంట్రాక్టు బిల్లుల మీదికి ఎన్నడూ పోదు.

కాబట్టి బ్రాంచి కార్యదర్శులకు మా సూచన ఇది. తమ పట్టణ పురపాలక సంఘం గడచిన మూడేళ్ల బడ్జెట్ ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరి తెప్పించుకోవాలి. ఏ పార్టీ అభ్యర్థి కాలనీకి వచ్చినా ఆ ప్రతిని ముందు పెట్టి, కాలిబాటలకు కేటాయించినదెంత, ఖర్చు పెట్టినదెంత, పాఠశాల భవనాల మరమ్మతుకు ఎంత, పారిశుద్ధ్య కాంట్రాక్టరుకు ఎంత, గేటు దగ్గరి వంతెనకు భూసేకరణ ఏ దస్త్రంలో ఆగి ఉన్నదో అడగాలి. అడిగిన ప్రశ్నలను, వచ్చిన జవాబులను, జవాబు రాని ప్రశ్నలను సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించి, ఒక నకలును ఈ పత్రికకు పంపాలి.